ముహూర్తానికి ఆరని సిలికాన్

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, శివరాత్రి దాటాక, మా కంపెనీ నన్ను మొయినాబాద్ సైటుకు ఇన్‌చార్జిగా పంపింది. హోదా సీనియర్ ప్రాజెక్ట్ ఇంజనీర్. నా పైన సిటీ ఆఫీసులో కూర్చునే ప్రాజెక్ట్స్ మేనేజర్, నా కింద ఫోర్‌మన్, అతని కింద ఫిట్టర్లు. వాణిజ్య భవనాలకు అల్యూమినియం చట్రాలు బిగించి, వాటికి అద్దాలు తొడగడం మా పని. బీజాపూర్ రోడ్డు మీద, చిల్కూరు గుడికి పోయే ఆటోలు ఆగే చోట, నాలుగంతస్తుల కాంప్లెక్సు లేచింది. దాని ముఖం మొత్తం అద్దం కావాలి.

యజమాని మాణిక్‌రెడ్డి. మొన్నమొన్నటి దాకా అదే నేలలో టమాట, వంకాయ పండించిన కుటుంబం. గచ్చిబౌలిలో ఎప్పుడో నడుస్తున్న కారులోంచి తీసిన ఒక బిల్డింగ్ ఫొటోను ఫోన్‌లో పెట్టుకొని తిరిగేవాడు. అందులో సగం బిల్డింగ్, సగం ఆయన బొటనవేలు. "గిట్ల కావాలె సాబ్, జర కూడ తేడా రావద్దు" అనేవాడు. ఏ సగం గిట్ల కావాలో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

బిల్డింగ్ ముఖం పడమటికి. ఆర్కిటెక్ట్ ఒకే ఒక్కసారి, పొద్దున పూట వచ్చి చూసి, చల్లగా ఉందని మెచ్చుకొని వెళ్లాడు. తెరుచుకునే కిటికీ ఒక్కటీ వద్దన్నాడు. బయటి నుంచి అల్యూమినియం గీత కూడా కనబడకూడదన్నాడు.

ఈ పనిని మేము కర్టెన్ వాల్ అంటాం. పేరులో గోడ ఉన్నా అది బరువు మోసే గోడ కాదు. ప్రతి అంతస్తు శ్లాబు అంచుకూ బ్రాకెట్లు బిగించి, వాటికి నిలువు కడ్డీలు వేలాడదీస్తాం. వాటిని ముల్లియన్లంటారు. వాటి మధ్య అడ్డంగా ట్రాన్సమ్‌లు. ఆ గడులలో అద్దాలు కూర్చుంటాయి. అల్యూమినియం కనబడకూడదంటే అద్దాన్ని బయట పట్టుకునే పట్టీ ఉండదు. అద్దం వెనక చిన్న చట్రాన్ని నల్లటి సిలికాన్‌తో అతికించి, ఆ చట్రాన్ని తెచ్చి గడిలో బిగిస్తాం. అంటే అద్దానికీ గాలికీ మధ్య ఉన్న ఒప్పందమంతా ఆ సిలికాన్ మీదే. అద్దం బరువు మోయడానికి కింద చిన్న అంచన్నా పెడదామని నేను అడిగితే, అది గీతలాగా కనబడుతుందని ఆర్కిటెక్ట్ ఒప్పుకోలేదు.

సిలికాన్ రెండు రకాలు. యంత్రంతో రెండు పాళ్లు కలిపి పోసేది తొందరగా గట్టిపడుతుంది. ఆ యంత్రం మరో సైటులో ఉంది. గొట్టంలోంచి పిండేది వారాల తరబడి సమయం తీసుకుంటుంది. అది ఎండకు ఆరదు. గాలిలోని తేమను పీల్చుకుంటూ పైనుంచి లోపలికి మెల్లగా గట్టిపడుతుంది. పైన తోలు కట్టినా లోపల పేస్టులాగే ఉంటుంది.

మా ఖర్మకు అద్దాలు ఆలస్యంగా వచ్చాయి. ప్రారంభోత్సవానికి మాత్రం తేదీ ముందే ఖరారైంది, ఎందుకంటే ఒక పెద్ద నాయకుడికి ఆ రోజే తీరిక. ఇక మాకు మిగిలిన దారి గొట్టం సిలికానే. చేవెళ్ల దారిలో ఒక షెడ్డు కిరాయికి తీసుకొని అద్దాలు అతికించాం. గాలి మరీ పొడిగా ఉందని నేల మీద తడి గోనెసంచులు పరిపించాను. మర్నాడు మాణిక్‌రెడ్డి వచ్చి వాటిని చూశాడు.

"ఆరాలంటే నీళ్లు చల్లుడేంది సాబ్?" అన్నాడు.

నేను వివరంగా చెప్పాను. ఆయన చివరిదాకా మర్యాదగా విన్నాడు. సాయంత్రానికి సంచులు బయట పడేసి ఉన్నాయి. షెడ్డులో నాలుగు వైపులా పెళ్లిపందిరి ఫ్యాన్లు, వాటి మధ్య హాలోజెన్ దీపాలు. కోళ్ల ఫారంలో పిల్లలకు పెట్టినట్టు మా అద్దాలకు వేడి పెట్టాడు. మేనేజర్‌కు ఫోన్ చేస్తే, క్లయింట్ ఇంత ఆసక్తి చూపించడం అరుదు, అడ్జస్ట్ చేసుకోండి అన్నాడు.

ప్రారంభోత్సవం ఇంకో వారం ఉందనగా మేనేజర్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. మీటింగ్ విషయం, సైటులో భద్రత. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి మూడో అంతస్తులో ఒక వరుస అద్దాలు మెరుస్తున్నాయి. ఫోర్‌మన్ దేవదానం స్కాఫోల్డింగ్ కింద నిలబడి ఉన్నాడు. ఈ పక్క మండలంలోని ప్రొద్దుటూరు మనిషి, ఆదివారం ప్రార్థన అయ్యేదాకా సుత్తి ముట్టడు.

"మేనేజర్ సార్ ఫోన్ల చెప్పిండు సార్, ఎక్కించమని. మీకు ఎరికే అన్నడు" అన్నాడు.

నాకు ఎరుక లేదు. పైకి ఎక్కాను. మొదటి అద్దానికి, గాలి పీల్చి పట్టుకునే సక్షన్ కప్పు అంటించి, చేతిలో ఉన్నంత బలంతో కిందికి లాగాను. అద్దం చట్రంలోంచి గోరంత జారింది. ఇంకోదాన్ని లాగాను. అదీ జారింది. కింద, సరిగ్గా ఆ అద్దాల కిందే ఆటోలు ఆగి ఉన్నాయి. కొబ్బరికాయల సంచులతో ఆడవాళ్లు, సెల్‌ఫోన్ చూసుకుంటూ డ్రైవర్లు.

ముందు దేవదానాన్ని పంపి ఆటోలు జరిపించాను. రోడ్డుకు అడ్డంగా తాళ్లు కట్టించాను. తర్వాత అద్దానికి ముందూ వెనకా మనుషులను నిలబెట్టి, ఒక్కొక్కటే విప్పి దింపాం. దేవదానం ప్రతి అద్దం దిగేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. దించడం సగంలో ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు. ఎక్కించినవి దించితే క్లయింట్ ముందు కంపెనీ పరువేం కావాలి, మీకు చేతకాకపోతే వేరే ఇంజనీర్‌ను పంపుతానన్నాడు. వేరే ఇంజనీర్ వచ్చేసరికి దించడం పూర్తవుతుందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

చివరి అద్దం కిందికి చేరేసరికి మాణిక్‌రెడ్డి వచ్చాడు. తెల్ల ఖద్దరు చొక్కా, తెల్ల ప్యాంటు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా ఇజ్జత్ తీస్తున్నవ్ సాబ్. కార్డులు పంచిన. మండలం మొత్తం వస్తున్నది" అన్నాడు.

అద్దం ఊడిపడితే ఏమవుతుందో చెప్పాను. కింద మనుషులుంటారని చెప్పాను. ఒక్క రోజుకు ఏం కాదన్నాడు. దేవుడున్నాడన్నాడు. అప్పుడు మా వృత్తిలో చేసే పరీక్ష చేసి చూపించాను. సిలికాన్‌ను బ్లేడుతో ఒక పక్క కోసి, కొసను పట్టుకొని లాగాలి. బాగా ఆరినదైతే అది తెగుతుంది కాని అల్యూమినియాన్ని వదలదు. ఇది సేమ్యాలాగా మొత్తం లేచి వచ్చింది. లోపల నల్లగా, మెత్తగా ఉంది.

ఆయనకు నమ్మకం కుదరలేదు. వేలు పెట్టి చూశాడు. వేలికి అంటింది. రుమాలుతో తుడిస్తే రుమాలుకూ, రుమాలు జేబులో పెడితే జేబుకూ అంటింది. గభాలున చొక్కా దులుపుకుంటే రొమ్ము మీద నాలుగు వేళ్ల ముద్ర పడింది. దేవదానం థిన్నర్ తెచ్చి రుద్దాడు. మరక అరచేయంత అయింది. మాణిక్‌రెడ్డి చాలాసేపు తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"ఇది పోదా?"

"పోదు" అన్నాను.

"లీడర్ సార్ కింద నిలబడ్డప్పుడు మీద పడితె?"

"పడితే ఇగ చేసేదేం ఉండదు. అదే కదా ఇందాకటి నుంచి చెప్తున్న."

ఆయన ముఖం పాలిపోయింది. "ఆయనయి మొత్తం తెల్ల బట్టలు సాబ్" అన్నాడు.

ఆయన భయపడుతున్నది దేనికో నాకు అప్పుడు అర్థమైంది. గొట్టం సిలికాన్ అలా బట్టల మీద చుక్కలుగా కారదు. ఆ మాట నేను చెప్పలేదు. ఆరేదాకా ఒక్క అద్దం ఎక్కించవద్దని ఆయనే ఆజ్ఞాపించాడు. మేనేజర్‌కు కూడా ఆయనే ఫోన్ చేసి, నాయకుడి బట్టల విషయంలో ఇంత నిర్లక్ష్యమా అని కోప్పడ్డాడు.

అద్దాల బదులు ఏం చేయాలన్నది కూడా ఆయనే తేల్చాడు. ఆర్కిటెక్ట్ లాప్‌టాప్‌లో ఉన్న బిల్డింగ్ బొమ్మను ఫ్లెక్సీగా అచ్చు వేయించి, ముఖం మొత్తానికి కట్టమన్నాడు. నీలం అద్దాలు, వాటిలో మబ్బులు, కింద ఈ జిల్లాలో ఎక్కడా పెరగని చెట్లు, వాటి కింద కుక్కను తిప్పుతున్న ఒక తెల్లదొరసాని. పై సగంలో చేతులు జోడించిన నాయకుడి ముఖం. అంత పెద్ద ఫ్లెక్సీ గాలికి తెరచాపలా లాగుతుంది కాబట్టి ముల్లియన్లకు ఎక్కడెక్కడ కట్టాలో నేనే గీసి ఇచ్చాను. గాలి దూరిపోవడానికి చీలికలు పెట్టించాను. ఒకటి నాయకుడి మీసం మీద పడిందని మాణిక్‌రెడ్డి అభ్యంతరం చెబితే, దాన్ని ఆకాశంలోకి జరిపాను. కర్టెన్ అంటే తెర. ఉద్యోగమంతా కర్టెన్ వాల్‌లే కట్టాను కాని, నిజంగా తెర కట్టింది అక్కడే.

ప్రారంభోత్సవం అనుకున్న ముహూర్తానికే జరిగింది. నాయకుడు రిబ్బన్ కత్తిరించి, తల ఎత్తి చూశాడు.

"అద్దాలు మస్తున్నయి మాణిక్. నా ముఖం సాఫ్ కనబడుతున్నది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అది హాస్యమో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పేపర్లో అద్దాల మేడ అని రాశారు.

సభ ముగిసి కుర్చీలు సర్దుతుంటే గాలిదుమారం లేచింది. ఎండాకాలం సాయంత్రాలు ఈ వైపు అది మామూలే. కింది తాళ్లు తెగి ఫ్లెక్సీ సగందాకా పైకి లేచింది. అద్దాలు ఉండాల్సిన గడులన్నీ ఖాళీగా బయటపడ్డాయి. ఆ జారిన అద్దాలే ఉండి ఉంటే, కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకున్నాను. దేవదానం కూడా అటే చూశాడు.

మాణిక్‌రెడ్డి తల్లి, ఫ్లెక్సీ వెనకున్న ముందరి హాలులో కూర్చొని ఉంది. పొద్దుటి నుంచి ఉక్కపోతతో ఆమెకు ప్రాణం పోయినంత పని అయింది. గాలి తగిలి కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు మంచిగున్నది బిడ్డా. గిట్లనే ఉంచుండ్రి" అంది కొడుకుతో.

ఆయన ఉంచలేదు. సిలికాన్ పూర్తిగా ఆరాక, మళ్లీ కోసి లాగి చూసి, అద్దాలు బిగించాం. పైపుతో నీళ్లు కొట్టి ఎక్కడా కారలేదని నిర్ధారించుకున్నాం. గాలి కూడా ఎక్కడా దూరలేదు. పడమటి ఎండకు పై అంతస్తుల్లో ఎవరూ కూర్చోలేకపోయారు. వానలు మొదలయ్యాక మమ్మల్ని పిలిచి, తెరుచుకునే కిటికీలు పెట్టమన్నాడు. పెట్టాం. గీతలు కనబడ్డాయి. ఎవరూ గమనించలేదు. మా మేనేజర్ ఆ ఫ్లెక్సీని ఒక మీటింగ్‌లో తాత్కాలిక ముఖభాగ పరిష్కారం అనే పేరుతో చూపించి మెప్పు పొందాడు.

ఈ పనిలో నేర్చుకోవలసింది నేను రిటైర్మెంటుకు దగ్గరపడ్డాక నేర్చుకున్నాను. ప్రాణం పోతుందని చెబితే అందరూ తల ఊపుతారు, పని ఆపరు. ఆ తర్వాత మిగిలిన సైటుల్లో, సిలికాన్ ఎన్నాళ్లకు ఆరుతుందో చెప్పే ముందు యజమాని దేనికి భయపడతాడో కనుక్కునేవాణ్ణి.