నాలుగో ముద్దాయి పెండ్లాన్ని

గుప్తనిధుల కేసు అంటే మా దిక్కు ఇప్పటికీ తెల్వనోళ్లు లేరు. గుట్ట కింద గుంతల ముసలాయనను బలిచ్చి పూడ్చిన కేసు. ఫోన్ల ఒత్తితే వస్తది. ఎర్ర అక్షరాలు, డమడమ సప్పుడు, నలుగురు మొగోళ్ల ఫోటోలు. నాలుగో ఫోటో మాయనది. అండ్ల ఆయన కండ్ల సుట్టు గీత గీసి చూపిస్తరు, రాక్షసుని కండ్లంట. పొద్దంత ఎండల మట్టి తవ్వినోని కండ్లు ఎర్రగుండక తెల్లగుంటయా?

మాది ధరూర్ దిక్కు. మట్టిపని మాకు తాతలనాటిది. ఆయన గడ్డపార ఏస్తే నేను తట్ట ఎత్తుత, దాన్ని జోడి అంటరు. పూనా పోయినా, బొంబాయి పోయినా జోడిగనే పోయినం. ఆ వారం నా కాలు వాసింది, ఆయనొక్కడే పోయిండు. లేకుంటే ఐదో ఫోటో నాదే ఉంటుండె.

పనికి పిలిసినోళ్లు నాగర్‌కర్నూల్ దిక్కోళ్లు, ముగ్గురు. నీళ్ల సంపు తవ్వాలె అన్నరు. రెండు దినాలు తవ్వి, కూలి తీస్కొని ఇంటికొచ్చిండు. వారానికి అండ్ల ముసలాయన పీనుగ దొరికింది, ఆ ముగ్గురితోని మాయనను గూడ పోలీసులు పట్కపోయిండ్రు.

మట్టిపనోళ్లు గుంత తవ్వితే నడుమ ఒక మట్టి దిమ్మ ఇడుస్తరు. ఎంత లోతు పోయిండ్రో ఆ దిమ్మను సూసి కొలుస్తరు, కొలిసినంక కొట్టేస్తరు. గా ముగ్గురు కొలవలే, రోజుకూలి ఇచ్చి పొమ్మన్నరు. ఆయన అలవాటు కొద్ది ఇడిసిన దిమ్మ గట్లనే ఉన్నది. ఆయన వచ్చినంక దాని మీద వాళ్లు పసుపు సల్లి, నిమ్మకాయలు కోసిండ్రు. కోర్టుల సర్కారు వకీలు ఆ ఫోటో లేపి, "ఇది బలిపీఠం. తవ్వినోనికి అంతా తెల్సు" అన్నడు. నేను ఎనక బెంచి కాడ లేసి, "అయ్యా, గది కొలతకు ఇడిసింది" అన్న.

"ఏయ్, కూసో! నిన్నెవలు అడిగిండ్రు?" అని జవాను గద్దాయించిండు.

నిజమే, నన్నెవలు అడగలే. మాకు కోర్టు ఇచ్చిన వకీలు సాబ్ కూడా అడగలే. ఆ సాబ్ జన్మల గుంత తవ్వలే గదా.

నలుగురికీ యావజ్జీవం పడ్డది. సచ్చిపోయిన ముసలాయన పెండ్లాం కోర్టు మెట్ల మీద నన్ను చూసి ఉమ్మింది. కొంగుతోని తుడ్సుకున్న. ఆమె మీద నాకు కోపం లేదు. కోపమంతా ఊరి మీదనే. తీర్పుకు ముందు "పాపం" అన్న నోర్లే, తెల్లారి "నిప్పు లేంది పొగ లేస్తదా" అన్నయి. నాట్ల గుంపుల నన్ను కలుపుకోలే. గుంపు పెద్దామె మొఖం మీదనే అన్నది, "అక్కా, నువ్వొస్తే రైతు బుగులు పడుతుండు. నారు పెడతదో నరున్ని పెడతదో అని నవ్వుతుండ్రు." ఆమె గూడ నవ్వింది.

పై కోర్టుల అప్పీలు ఏసినం. ఏండ్లకేండ్లు పడి ఉన్నది. అంతల జైల్లనే ఆయన గుండె ఆగింది. పీనుగను ఇచ్చిండ్రు, మన్ను చేసినం.

మావోళ్లల్ల మొగుడు పోయినదాన్ని మూలకు కూసోబెడతరు. మూడు అమాసలు పోయేదాక గడప దాటొద్దు, ఎవలకూ మొఖం చూపొద్దు. నేను గట్లనే గోడ దిక్కు తిరిగి కూసున్న. అమాసలు అయినంక అప్పీలు చూసే వకీలమ్మ కాడికి గద్వాల పోయిన. నన్ను చూసి ఆమె నెత్తి పట్టుకుంది.

"ముద్దాయి పోతే అప్పీలు కూడా పోతదమ్మా. ముప్పై రోజులల్ల ఇంటోళ్లొచ్చి మేం నడుపుతం అంటెనే ఉంటది. ఫోన్ చేసి చెప్పిన గదా?"

నాకు గాదు, మా మరిదికి చేసింది. "మా వదిన మూలకు కూసున్నది మేడం. అయినంక వస్తది. కోర్టు యాడికి పోతది, ఆడనే ఉంటది గదా" అన్నడంట. మూల మీద ఉన్నదానికి కోర్టు ముచ్చట చెప్పొద్దని మా అత్త ఆపిందంట. పోయినోనికి మర్యాద చేస్తున్నం అనుకున్నరు. ఆయన హంతకుడు గాదని చెప్పిచ్చే ఒక్క దారిని వాళ్లే మూసిండ్రు.

"లేటెందుకైందో రాసి అడుగుదం" అన్నది మేడం. "టైఫాయిడ్ అని రాస్త, దవాఖాన చీటీ ఒకటి తెచ్చుకో. మూల, అమాస అంటే నవ్వుతరు."

"నాకు జొరం రాలే మేడం."

"తెల్సమ్మా. రాసుడు వరకే గదా."

"మాయన మీద గూడ పోలీసోళ్లు రాసుడు వరకే అనుకుంటనే రాసిండ్రు. ఉన్నదే రాయి."

"మొండిదానివి. కొట్టేస్తే నన్ననొద్దు."

"అనను."

కాయితం ముందలేసుకొని రాసింది. మరిది ఫోన్ల అన్న మాట, అత్త ఆపిన మాట, అన్ని రాసింది. నేను వేలిముద్ర ఏసిన.

ఇంటికాడ లొల్లి అయింది. "అమ్మ పేరు కోర్టుకెక్కిస్తవా? సిగ్గు లేదా వదినా?" అని మరిది లేసిండు.

"మీ అన్న పేరు ఇన్నేండ్ల సంది ఎక్కే ఉన్నది. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడు యాడికెళ్లి వచ్చింది?" అన్న.

అత్త నాతోని మాట బంద్ చేసింది. ఒక్క పొయ్యి ఉండె, రెండైనయి. కాయితం ఇంకా పై కోర్టుల్నే ఉన్నది. తీసుకున్నమనీ అనలే, కొట్టేసినమనీ అనలే.