కాయ సగంలో ఆగాలి

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వస్తుంటే మా చిన్న తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్య ఇక లేడక్కా" అన్నాడు. రావులపాలెంలో ఎవరిదో షెడ్డులో లారీ కింద నుంచి లేచి, మంచినీళ్ళు అడిగి, బల్ల మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడట మా పెద్ద తమ్ముడు. గుండె అన్నారు. ఎవరిదో షెడ్డు అన్న దగ్గరే నా మనసు ఆగింది. వాడికి సొంత షెడ్డు ఉండేది.

వాడు లారీ మేస్త్రి. వాడి నోట మాటలు తక్కువ. "బ్రేకు పట్టాలక్కా, కరవకూడదు" అనేవాడు. బ్రేకు పని అయ్యాక ఖాళీ లారీ వెనక చివర ఒలిచిన కొబ్బరికాయ పెట్టి, కొంత దూరం నడిపి బ్రేకు తొక్కేవాడు. కాయ పరుగెత్తి క్యాబిన్‌కి కొట్టుకుంటే పని మళ్ళీ మొదలు. దొర్లి సగంలో ఆగితే చేతులు కడుక్కునేవాడు.

చిన్నవాడిది పాత లారీ. కొబ్బరి, అరటి తోలేవాడు. ఒక ఏడాది దాని వెనక బ్రేకు కరవడం మొదలైంది. కాస్త తొక్కితే చాలు, చక్రం బిగుసుకుని లారీ పక్కకి లాగేసేది. నేను అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళిన రోజు పెద్దవాడు వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి ఉన్నాడు.

"అక్కా, ఎక్కి బ్రేకు తొక్కు. మెల్లగా, బైబిల్లో కాగితం తిప్పినట్టు."

తొక్కాను. వాడు చేత్తో తిప్పుతున్న ఎడమ చక్రం టక్కున ఆగింది. కుడిది తిరుగుతూనే ఉంది. ఎడమ డ్రమ్ము విప్పితే, దాన్ని ఒరుసుకుని ఆపే లైనర్ మీద నల్లగా నూనె తడి.

"నూనె తగిలితే జారాలి కదరా?"

"బాగా తడిస్తే జారుద్ది. కొంచెం తగిలితే కరుస్తది." వేలితో రాసి వాసన చూశాడు. "బ్రేకు ఆయిల్ కాదు. ఇరుసులోది, నూనె ఆపే సీలు దాటి వస్తంది."

సీలు మార్చాడు. రెండు వైపులా కొత్త లైనర్లు వేశాడు. కాయ సగంలో ఆగింది. కొన్నాళ్ళకే మళ్ళీ కరిచింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ అంతే. లారీల స్టాండులో నవ్వులు మొదలయ్యాయి. "మేస్త్రి గారి సీలు వారం నిలవదండీ, ఆయ్." వాళ్ళతో పాటు మా చిన్నవాడు కూడా, "మా అన్నయ్యకి అత్తారింటికన్నా మా లారీ కిందే సుఖమండీ" అని నవ్వించేవాడు.

చివరికి పెద్దవాడే పట్టుకున్నాడు. ఇరుసు మీద, లోపలి గాలి పోవడానికి చిన్న కన్నం ఉంటుంది. కొత్త సంవత్సరం ప్రార్థన కోసం చిన్నవాడు లారీకి అడుగు భాగంతో సహా దట్టంగా రంగు వేయించాడు. ఆ కన్నం పూడిపోయింది. ఇరుసు వేడెక్కితే గాలికి దారి లేక నూనెని సీలు మీదకి నెట్టేది. తీగతో రంగు గీకి, సీలూ లైనర్లూ మళ్ళీ మార్చాడు. ఆ లారీ ఇంకెప్పుడూ కరవలేదు.

"ఒరేయ్, స్టాండులో ఒక్క మాట చెప్పు. తప్పు రంగుదని" అన్నాడు తమ్ముడితో. వాడు అడిగింది అదొక్కటే.

"చెప్తాలే అన్నయ్యా."

చెప్పలేదు. నేనడిగితే, "రంగేయించింది నేనని నన్ను ఆడుకుంటారక్కా. ఇప్పుడెందుకా సంగతి" అన్నాడు. ఈలోగా షెడ్డుకి వచ్చే లారీలు తగ్గాయి. తర్వాత షెడ్డు మూసేసి, పెద్దవాడు కూలికి చేరాడు. కుటుంబ ప్రార్థనలో తమ్ముడి పేరు మాత్రం వాడు ఎప్పుడూ విడిచిపెట్టలేదు. ఆ ఒక్క మాట బయటికి రావాలని నేనూ ప్రార్థించాను.

వచ్చింది. ప్రార్థన గుడిలో, శవపెట్టె పక్కన. "తప్పు నా రంగుదండీ. మా అన్నయ్య చేతిలో ఏ లోపమూ లేదు" అని స్టాండు వాళ్ళందరి ముందూ చిన్నవాడు ఏడ్చాడు. "ఆయ్, మాకు తెలవదాండీ" అన్నారు వాళ్ళు. అప్పుడు నవ్వినవాళ్ళే. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమెన్ అనడానికి నోరు రాలేదు.

పెట్టెని ఆ లారీలోనే ఎక్కించారు. నడిపింది చిన్నవాడే. నేను పెట్టె పక్కన కూర్చున్నాను. లారీ ఊడ్చి కూడా లేదు. పాత లోడులోని కాయ ఒకటి వెనక మూల మిగిలిపోయింది. కాలవగట్టు దిగి, సమాధుల గేటు ముందు చదునులో బ్రేకు తొక్కాడు. పెట్టె కదల్లేదు. కాయ దొర్లుకుంటూ వచ్చి, సగంలో, పెద్దవాడి పాదాల దగ్గర ఆగింది.

"కుదుపేమైనా వచ్చిందా అక్కా?" అన్నాడు క్యాబిన్‌లోంచి.

నేను కాయనే చూస్తున్నాను.