లక్క ముద్ర వేసేలోపు

1996లో మా తమిళనాడులో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు రెండూ ఒకే రోజు వచ్చాయి. రెండు రంగుల బ్యాలెట్ పత్రాలు, రెండు పెట్టెలు. వాడినవి, మిగిలినవి, చిరిగినవి అన్నీ కలిపి మా బూత్‌లో లెక్క తేల్చింది నేనే. ఒక్క కాగితం తేడా రాలేదు. అప్పటినుంచి ఎన్నికల పని పడితే, విరుదునగర్‌లో మా బడివాళ్లు తమను నా బూత్‌లోనే వేయమని అడిగేవారు.

2001లో ఓటింగ్ మిషన్ వచ్చింది. ఇక లెక్క అదే చూస్తుందట. నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నదైన మా బడి టీచరుకు డిగ్రీ ఉంది కాబట్టి ఆమె ప్రిసైడింగ్ ఆఫీసర్, నేను ఆమె కింద రిజిస్టరు రాసేదాన్ని. కోవిల్‌పట్టి నుంచి రోజూ నాతోనే బస్సులో వచ్చే మనిషి, కూడికకు కూడా వేళ్లు మడిచేది. శిక్షణలో ఆమె చకచకా బొత్తాలు నొక్కుతుంటే అందరూ మెచ్చుకున్నారు. నాకు కడుపు మండింది.

మా బూత్ తెలుగు మాట్లాడే ఒక నల్లరేగడి ఊళ్లో పడింది. పొద్దున్నే పార్టీల ఏజెంట్లు ఐదుగురు వచ్చారు.

“టీచరమ్మా, ఏది నొక్కినా ఒకే గుర్తుకి పోతుందంటుండారే?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“మీరే నొక్కి చూడండి మామా,” అంది ఆమె.

తలా మూడు ఓట్లు నొక్కారు. నేను అలవాటుగా గీతలు పెట్టుకున్నాను, పదిహేను. ఫలితం సరిపోయింది. ఆ సంబరంలో ఆమె, ఈ పరీక్ష ఓట్లను చెరిపే బొత్తాం నొక్కకుండానే మూత వేసి దారం కట్టింది. నేను చూశాను. లక్క కరిగించే కొవ్వొత్తి నా చేతిలోనే ఉంది. ఆ పదిహేను అలాగే ఉంటే దొంగ ఓట్ల నింద పడుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. అది తెలిసీ నోరు తెరవలేదు. ఆమె లక్క పోసి ముద్ర వేసింది.

మొదటి ఓటరు, ఒక ముసలామె, గడప దాటి వచ్చింది. అప్పుడన్నాను, “టోటల్ నొక్కి చూడమ్మా.”

పదిహేను కనబడింది.

“ఊరు లేవకముందే ఓట్లు పడిపోయెనా?” అన్నాడు పెద్దాయన.

ముద్ర పగలగొట్టి, చెరిపి, అందరికీ సున్నా చూపించి, మళ్లీ లక్క పోశాం.

“అక్క ఉండబట్టి పిళైస్తిని, బతికిపోతిని మామా. అక్క పక్కనుంటే నాకు బయం లేదు,” అని ఆమె చెబుతుంటే నేను తల ఎత్తలేదు.

సాయంత్రం మిషన్‌లో 643, నా రిజిస్టరులో 643. తిరుగు బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చింది. ముద్ర వేయకముందే చూశానని ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.

2004లో అడిగి మరీ నన్ను తన బూత్‌కు వేయించుకుంది. ఈసారి ముందే చెరిపి, సున్నా అందరికీ చూపించాకే నన్ను లక్క అడిగింది. నాకు చెప్పడానికి ఏమీ మిగల్చలేదని ఆ రోజూ కుళ్లుకున్నాను.