గవర్రాజు గారి బూట్లో రాయి

గవర్రాజు గారితో ఎవరు ఎక్కడికి నడిచినా ఆయన బూట్లో రాయి పడి తీరాల్సిందే. గనుల ఊరు కిరండూల్ బజార్లో పడింది, పెళ్ళి ఊరేగింపులో పడింది, ఆఖరికి నున్నటి ఆసుపత్రి వరండాలోనూ పడింది. "ఆగండి బాబూ, రాయి పడిపోనాది," అంటూ ఉన్నచోటే చతికిలబడి, చీలమండ దాటిన పాత గని బూటు లేసులన్నీ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకునేవారు. సర్వీసంతా గనిలో రాళ్ళు తవ్వించిన మనిషి కాబట్టి, రిటైరయ్యాక ఆ రాళ్ళు పగబట్టి వెంటపడుతున్నాయని కాలనీలో చెప్పుకునేవారు.

అలాంటి మామగారు "నేనూ వస్తాను" అనేసరికి అల్లుడు కిషోర్ గుండె జారిపోయింది. కొత్త ఆఫీసరు వీరేందర్ ఆ ఆదివారం తనతో కొండెక్కడానికి అతన్ని రమ్మన్నాడు. ఎప్పుడో కార్చిచ్చుకు కాలిపోయిన గట్టు అది, దారీ డొంకా లేదు. కొండలెక్కి తిరగాల్సిన గని సర్వే జట్టుకు నాయకుణ్ణి ఎంచేది వీరేందరే. "రోజూ పొద్దున్నే పరుగెడతాను సార్," అని కిషోర్ ముందే కోతలు కోశాడు. అతను పరుగెత్తేది బస్సు కోసం మాత్రమే.

కాలిన గుగ్గిలం చెట్ల మోళ్ళ మధ్య కాస్త ఎక్కారో లేదో, "ఆగండి బాబూ!" అని మామగారు కూర్చున్నారు. ఇంకాస్త పైన మళ్ళీ కూర్చున్నారు. ప్రతిసారీ వీరేందర్ గడియారం చూసుకున్నాడు. కిషోర్ ఓ నల్లటి మోడు పట్టుకుని తల దించుకున్నాడు. ముసలాయన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రావాల్సిందనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

గట్టు నెత్తి కనబడుతోందనగా మామగారు మళ్ళీ కూర్చుని, బూటు విప్పుతూ గొంతు చించుకున్నారు.

"ఆగు బాబూ! ఆగు! ఆగు!"

వీరేందర్‌కు తెలుగు ముక్క రాదు. హిందీలో ఆగ్ అంటే నిప్పు. ఒకసారి కాలిన అడవిలో ఆ కేక వింటే ఎవరు నిలబడతారు? "ఆగ్ లగీ! భాగో!" అంటూ ఆఫీసరు టోపీ వదిలేసి తుప్పల్లోంచి కిందికి పరుగు తీశాడు.

కిషోర్‌కు అక్కడి బూడిదలోనే కూరుకుపోవాలనిపించింది. "ఏదండీ మీ రాయి?" అని మామగారు విప్పిన బూటు లాక్కుని బోర్లించాడు. ఏమీ రాలలేదు. చెయ్యి పెట్టి వెతికాడు. "ఇందులో రాయి లేదు!"

"గట్టిగా అనకు బాబూ," గవర్రాజు గారు గొంతు తగ్గించారు. "ముందు నువ్వు కూకో. పెదాలు తెల్లబడిపోనాయి, పిలిస్తే పలకవు. అందుకే అరిసాను. రొప్పు తగ్గిందేటి?"

"నా కోసమా? మరి నలుగురూ మిమ్మల్ని..."

"ముసిలోడి బూట్లో రాయి పడితే ఎవుడూ ఏటీ అనుకోడు బాబూ."

కిషోర్ తన చేతులు చూసుకున్నాడు. ఆగిన ప్రతిచోటా మోడును కౌగిలించుకోవడంతో మోచేతుల దాకా మసి. మామగారి చేతులు శుభ్రంగా ఉన్నాయి. బజార్లో రాయి పడినప్పుడు ఆయన పక్కనున్నది నెలలు నిండిన కూతురు. ఊరేగింపులో ఉన్నది దమ్ము చాలని సన్నాయి ముసలాయన. వరండాలో ఉన్నది ఆపరేషనైన అత్తగారు. కిషోర్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

నిప్పెక్కడా కనబడక వీరేందర్ రొప్పుతూ తిరిగొచ్చాడు. "ఆగ్ కాదు సార్," కిషోర్ హిందీలో చెప్పేశాడు, "నాకు ఆయాసమొస్తే ఆగమన్నారు. పరుగు సంగతి కూడా అబద్ధం."

"అయితే సర్వే పని నీకొద్దులే," అన్నాడు వీరేందర్. అంటూనే మసి అంటిన తన అరచేతులు చూపించి, పక్కనే కూలబడ్డాడు. "నేనూ ఎప్పుడెప్పుడు ఆ రాయి పడుతుందా అని చూస్తున్నాను."

దిగేటప్పుడు మామగారు ముందు నడిచారు. సగం దిగాక ఒక మోడు పట్టుకున్నారు, తర్వాత ఇంకోటి. ఆయన అరచేతులు నల్లబడ్డాయి. రాయి పడిందని మాత్రం అనలేదు.

"ఆగండి మామయ్యా!" కిషోర్ చతికిలబడి లేసులు విప్పాడు. "నా బూట్లో రాయి పడింది."

వీరేందర్ ఈసారి పారిపోలేదు, హాయిగా కూర్చున్నాడు. గవర్రాజు గారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, అల్లుడి ఖాళీ బూటులోకి తొంగిచూశారు.

"పెద్దదే బాబూ," అన్నారు. "తాపీగా తియ్యి."