నేను చెరిపేసిన నాలుగు నిమిషాలు

ఒక రిపోర్టులో నాలుగు నిమిషాలు చెరిపేశాను. ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా మోశాను. ఇవాళ మీకు చెబుతున్నాను.

అప్పుడు అమీర్‌పేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో టెక్నీషియన్‌ని. ఛాతీకి వైర్లు అంటించి, ఒక రోజంతా గుండె కొట్టుకునే తీరును నమోదు చేసే చిన్న పెట్టె నడుముకు కట్టి పంపేవాణ్ణి. మర్నాడు ఆ గీతల్లో ఒంటి కదలికల వల్ల చేరిన గజిబిజిని తీసేసి, మిగిలింది డాక్టరుకు ఇవ్వాలి. స్వరూప బోరబండ నుంచి వచ్చింది. కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులకు బట్టలు కుట్టేది.

"అన్నా, జర మంచిగ చూడు. గుండె ఉన్నట్టుండి ఉరుకుతది, మళ్ల టక్కున ఆగుతది. దవాఖానకు పోయేసరికి ఏముండది. సినిమావాళ్ల బట్టలు కుట్టి కుట్టి నటన సుత నేర్చిందని మా అత్త అంటది."

"ఉంటే ఇందులో దొరికిపోతుందమ్మా" అన్నాను.

దొరికింది. నేనే పోగొట్టాను. గీతలు ఒత్తుగా పరుగెత్తిన చోట కుట్టుమిషన్ అదురు అనుకుని తీసేశాను. అంతా నార్మల్ అని రిపోర్టు వెళ్లిపోయాక, ఏ సమయంలో ఏం చేసిందో, ఏమనిపించిందో ఆమె రాసిచ్చిన చీటీ చూశాను. 'ఒంటిగంట పది. మిషన్ ఆపి బువ్వ తింటున్న. దడ వచ్చింది.' సరిగ్గా నేను తీసేసిన సమయం. అసలు రికార్డులోంచి ఆ నాలుగు నిమిషాల గీతలు ప్రింటు తీసి దాచాను. ఆమెకు ఫోన్ చేయలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? లేక ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, చీటీ చదవకుండానే పని ముగించానని ఒప్పుకోవడం నామోషీ అనా? రెండోదే ఎక్కువ.

పోయిన నెల, పంజాగుట్టలో నేనిప్పుడు పనిచేసే ఆసుపత్రిలో, స్వరూప బల్ల మీద పడుకుని ఉంది. గుండెలోకి సన్నటి తీగలు పంపి, ఆ దడను కావాలని రప్పించి, అది పుట్టే చోటు కనిపెట్టి కాల్చాలి. గంటన్నర అయినా దడ రాలేదు. రాకపోతే చోటు తెలియదు. "ఏమీ లేనట్టుంది, తీసేద్దాం" అన్నారు డాక్టరుగారు, నేను తెర ముందు కూర్చునే గాజు గదిలోకి వచ్చి. అంటే ఆమె మళ్లీ నటి అనే పేరుతోనే ఇంటికి.

ఉదయం జాబితాలో పేరు చూసినప్పటి నుంచి ఆ పాత ప్రింటు నా జేబులోనే ఉంది. ఆయన ముందు పెట్టి, చేసిందంతా చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. ఆ గీతల్లో, పరుగుకు ముందు అదనంగా పడిన ఒక గుండె దెబ్బ మీద వేలు పెట్టారు. మందు ఎక్కించి, లోపలి తీగలతో గుండెను అదే వరసలో తట్టారు.

తెర మీద గీతలు పరుగెత్తాయి. చోటు దొరికింది. కాల్చారు. పరుగు మధ్యలోనే తెగి, గుండె తన మామూలు నడకలో పడింది. ఆ తర్వాత ఎంత రెచ్చగొట్టినా దడ రాలేదు. అందరం చప్పట్లు కొట్టాం. నాకు ఏడుపొచ్చేంత సంతోషం. ఆ గెలుపులో నాకు వాటా ఉందా? ఉంటే, ఆ ఏడేళ్లలోనూ ఉంది కదా.

"ఆమెకు మీరే చెప్పాలి" అన్నారు డాక్టరుగారు.

మర్నాడు వార్డులో స్వరూప అత్త సంచి సర్దుతోంది. ఆమెకు వినపడేలాగే చెప్పాను.

"స్వరూపగారూ, మీది నటన కాదు. ఏడేళ్ల కిందటే మీ జబ్బు దొరికింది. నేను చెరిపేశాను, తెలిశాక దాచాను. నన్ను క్షమించండి."