పసుపు డ్రమ్ములో తిరిగిన గోటీలు

గాజుకు వాసన ఉండదంటారు. నా గోటీల డబ్బా మూత తీస్తే మాత్రం ఎండు పసుపు వాసన ముక్కుకు కొడుతుంది. సబ్బు నీళ్లలో నానబెట్టాను, పాత బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమాను, బాల్కొండలో మా డాబా మీద ఎండకు పరిచాను, అయినా గాజు మీద పడ్డ సన్నటి గీతల్లో ఇరుక్కున్న పసుపు పొడి వదలలేదు. పుస్తకాల్లో వీటిని గోలీలంటారు, మాకు పుట్టినప్పటి నుంచీ గోటీలే. వీటికి ఈ వాసన ఎలా అంటిందో చెబితే విన్నవాళ్లు ముందు నవ్వుతారు, నాకేమో ఒళ్లు మండుతుంది. ఆర్మూర్‌లో పసుపు వ్యాపారం చేసే మా అన్న గంగారాం, అమ్మే ముందు పసుపు కొమ్ములను రాపిడి పెట్టి నునుపు చేసే ఇనుప డ్రమ్ములో నా గోటీలను వేసి తిప్పించాడు. నవ్వేవాళ్లు ఇప్పుడు నవ్వుకోవచ్చు.

మా చిన్నప్పుడు ఆర్మూర్‌లో చలి తగ్గే రోజులంటే ఊరి చుట్టూ పసుపు ఉడికే వాసన. తెల్లారకముందే పొలాల్లో పెద్ద పెద్ద కడాయిల కింద మంటలు, పైన తెల్లటి ఆవిరి, ఆ ఆవిరి మంచులో కలిసి సిద్ధుల గుట్ట రాళ్ల దాకా పాకి, బడికి పోయే మా బట్టలకు, జడలకు, సంచిలోని జొన్నరొట్టెకు కూడా అంటుకునేది. తర్వాత కళ్లాల్లో కొమ్ములు ఎండేవి, మార్కెట్‌కు బండ్లు బారులు కట్టేవి, సంచుల చిల్లుల్లోంచి జారిన ముక్కలను ముసలమ్మలు ఏరుకొచ్చి రోట్లో దంచుకునేవారు. మా గల్లీలో గోటీలాట మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, పెద్దవాళ్లంతా పసుపు పనుల్లో మునిగి పిల్లల్ని పట్టించుకునే తీరిక లేనప్పుడు. మా అమ్మ మాత్రం ఇంట్లోనే, గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తునికాకు కత్తిరించమని నన్ను కేకేస్తూ ఉండేది. నేను ఆకు కత్తిరించి చాటలో పడేసి, ఉడికిన మక్క గుడాలు గుప్పెట నిండా తీసుకుని, గోటీలను లంగా అంచులో ముడేసుకుని ఉరికేదాన్ని.

గల్లీలో మగపిల్లలతో ఆడే ఆడపిల్లను నేనొక్కదాన్నే. మడమతో గుండ్రంగా తిప్పి గుంత చేసి, బొటనవేలు నేలకు ఆనించి, నడిమి వేలు వెనక్కి వంచి కొడితే, ఎదుటివాడి గోటీ ఎగిరి మురుగు మోరీలో పడాల్సిందే. ఓడినవాడు తన గోటీని మోచేత్తో నెట్టుకుంటూ గల్లీ చివరిదాకా పోవాలి. మా అన్న మోచేతులు ఎప్పుడూ తోలు లేచిపోయి ఉండేవి, నా మీద ఆయనకున్న కడుపుమంట అప్పటిదేనేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

మా బాపు బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఏడాదికొకసారి దసరాకు ఇంటికి వచ్చేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో తంగేడు పూల వాసన, గునుగు పూలకు అద్దిన రంగుల వాసన, మలీద ముద్దల్లోని బెల్లం వాసన, బాపు ట్రంకుపెట్టె తెరిస్తే వచ్చే బొంబాయి సబ్బు వాసన, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఒక దసరాకు ఆయన అన్నకు చేతిగడియారం తెచ్చాడు. నాకు రిబ్బన్లు తెచ్చి ఉంటాడనుకుంటే, గుడ్డసంచి విప్పి నా ఒళ్లో గోటీలు కుమ్మరించాడు. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన పాత సామాను అమ్మే సందులో కొన్నాడట. అన్న వెంటనే చెయ్యి చాపాడు. బాపు ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, "ఇయి పద్మయి. నీకు గడియారం తెచ్చిన గద, వీటి జోలికి రాకు" అన్నాడు. మా ఇంట్లో ఒక వస్తువును నాదని ఒక పెద్దమనిషి నోరు తెరిచి అనడం అదే మొదలు, అదే ఆఖరు.

దుకాణంలో దొరికే గోటీలు మాకు తెలియనివి కావు. పచ్చటి సోడా గోటీ, లోపల రంగు రెక్కలుండే పువ్వు గోటీ, ఇంతే. బాపు తెచ్చినవాటికి రంగు లోపల కాదు, పైనే చారలు చారలుగా చుట్టుకుని ఉండేది. ఒక నల్లదాన్ని ఎండలో పట్టుకుంటే ఆకుపచ్చ రవ్వలు మెరిసేవి. లేత ఆకుపచ్చది ఒకటి నీడలో కూడా తనలో ఏదో వెలుగున్నట్టు కనిపించేది. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి ఎర్రదారాలు. పాలలాంటి తెల్ల గోటీ మీద ఎర్ర చార ఒక కొసన మొదలై, ఎక్కడా తెగకుండా మెలికలు తిరుగుతూ రెండో కొసకు చేరేది. అలాంటివి కొన్ని, అన్నీ కవల పిల్లల్లా ఉండేవి. చేత్తో చేసిన గోటీకి, గాజు కడ్డీ నుంచి విరిచిన చోట గరుకు మచ్చ ఉంటుందని, మిషన్ మీద చేసినదానికి అది ఉండదని, గాజు తెగిన చోట చార కొంచెం మడత పడి ఉంటుందని అమ్మినవాడు బాపుకు చెప్పాడట, బాపు నాకు ఎండలో తిప్పి చూపించాడు.

అవి అందరూ పట్టగలిగే గుర్తులు. నా గుర్తులు వేరు. గోటీకి గోటీ గట్టిగా తగిలితే గాజు మీద గోరు నొక్కినట్టు చిన్న నెలవంక పడుతుంది. ఏ నెలవంక ఏ ఆటలో పడిందో నాకు తెలుసు. కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి, వేలికి తగిలిన దెబ్బను బట్టి ఇది ఫలానాదని చెప్పేదాన్ని. ఆ దసరా సెలవు అయిపోయి తిరిగి బొంబాయి పోయే రోజు పొద్దున, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రైలుకు టైమవుతుందని అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా, బాపు గల్లీలో గొంతుక్కూచుని నాతో ఒక్క ఆట ఆడాడు. నా ఎర్రదారాన్ని తన గోటీతో ఎంత గట్టిగా కొట్టాడంటే దాని నడుము మీద లోతుగా నెలవంక పడింది. "పాడయిందా బిడ్డా" అని దాన్ని తీసి తన చొక్కాకే తుడిచి ఇచ్చాడు. ఆయన నాతో ఆడిన ఆట అదొక్కటే. మళ్లీ దసరా రాకముందే బొంబాయిలోనే జ్వరంతో పోయాడు. ఆ ఎర్రదారం మీది దెబ్బ తప్ప ఆయన చేతి గుర్తు నాకు ఇంకొకటి లేదు.

నాకు ఓణీ వేసిన నాడే అమ్మ నన్ను గల్లీలోంచి లోపలికి పిలిచింది. గోటీల సంచి అన్న చేతికి పోయింది. "ఆడిపిల్లకు గోటీలేందే" అన్నాడు. ఆయన వాటితో ఆడనూ లేదు, ఆడితే ఓడతాడని ఆయనకు తెలుసు; డబ్బాలో పోసి అల్మారాలో పెట్టి తాళం వేసుకున్నాడు. పెళ్లయి బాల్కొండ వచ్చాక, పుట్టింటికి పోయినప్పుడల్లా అడిగాను. అన్నీ వద్దులే, బాపు కొట్టిన ఎర్రదారం ఒక్కటైనా ఇవ్వమన్నాను. అన్నం తింటూ అడిగాను, అలిగి అడిగాను, అమ్మ దినం నాడు ఏడుస్తూ కూడా అడిగాను. ప్రతిసారీ ఒకటే జవాబు, "మన ఇంటియి గద చెల్లె, ఎవలియైతేంది". ఎవరివైతేనేం అనే మనిషి తాళంచెవిని మొలతాడుకు ఎందుకు కట్టుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

మొన్న పసుపు సీజన్లో నా ఫోన్లో ఒక వీడియో వచ్చింది. హైదరాబాద్‌లో ఒకాయన పాత గోటీలు చూసి అవి ఏ కాలంవో, ఎంత అరుదైనవో చెబుతున్నాడు. ఆయన చేతిలో ఉన్నది అచ్చం నా ఎర్రదారమే. వీడియో కింద ఆయన నంబరు ఉంది. ఆయనకు ఫోన్ చేసి మాట్లాడాను. ఆర్మూర్ వైపు పని ఉంది, వచ్చి చూస్తానన్నాడు. ఇంత అరుదైనవని బయటివాడు చెబితేనైనా, ఇవి పద్మకు వాళ్ల బాపు ఇచ్చినవని అన్న ఒప్పుకుంటాడని, కావాలంటే మిగతావి అన్ననే అమ్ముకోమని, నాది మాత్రం నేను తెచ్చుకోవచ్చని నా ఆశ. అన్నకు ఫోన్ చేసి, ఫలానా రోజు డబ్బా బయటికి తీసి ఉంచమన్నాను. "ఫికర్ చెయ్యకు చెల్లె, మంచిగ తయారు చేసి పెడ్త" అన్నాడు. ఎప్పుడూ లేంది అంత తియ్యగా మాట్లాడితే మురిసిపోయాను, నా బుద్ధికి ఏం చెప్పాలి.

మా ఊళ్లో అమ్మకం అంటే ముందు మెరుపు. ఎండిన పసుపు కొమ్ము మట్టికొట్టుకుని, వేళ్లతో, పొక్కులతో ఉంటుంది. దాన్ని డ్రమ్ములో పోసి తిప్పితే ఒకదానికొకటి రాసుకుని నున్నగా బంగారంలా వస్తుంది, అప్పుడే వ్యాపారి కన్నెత్తి చూస్తాడు. పుట్టి పెరిగిందంతా ఆ డ్రమ్ము చప్పుడులోనే కాబట్టి మా అన్నకు ఇంకో ఆలోచన రాలేదు. దెబ్బలు పోయి నున్నగా అయితే ధర పెరుగుతుందనుకుని, గోటీలను కొమ్ములతో పాటు అదే డ్రమ్ములో వేయించాడు. కొమ్ములకు అంటిన ఇసుక గాజును గీకుతుందని, డ్రమ్ము చుట్టూ ఉండే ఇనుప జల్లెడకు కొట్టుకుంటే గోటీ పెచ్చులూడుతుందని అనుకోలేదు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగాలని ఆయనకు ఎందుకు తోస్తుంది, అవి నావైతే కదా.

నేను పోయేసరికి హైదరాబాద్ ఆయన అన్న గోదాంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, అన్న డబ్బా తెరుస్తూ "మా చిన్నప్పటియి సార్, మేం ఆడుకున్నయే" అంటున్నాడు. నేను వంగి లోపలికి చూశాను. అన్నీ పొగపట్టినట్టు మసకబారి, పసుపు పూసుకుని, కొన్ని చెక్కలుగా విరిగి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పాడు. దొంగనోట్లు చూసే నీలం లైటు అన్న బల్ల మీదే ఉంటే అడిగి తీసుకుని లేత ఆకుపచ్చదాని మీద వేశాడు. పాతకాలపు కొన్ని గాజులు ఆ లైటుకు వెలుగుతాయట; అంత మసకలోంచి కూడా అది పచ్చగా వెలిగింది. ఆయన నిట్టూర్చాడు.

"చాలా మంచివి ఇవి. ఆడిన దెబ్బలున్నా ఎంతో కొంత పలికేవి. పైన అసలు గాజు పోయాక ఇక ఎవరూ తీసుకోరు" అన్నాడు. లేస్తూ, "అసలు ఆడకుండా దాచి ఉంటే ఎంత బాగుండేదో" అని కూడా అన్నాడు. ఆ మాటకు ఆయన మీద కూడా నాకు మండింది. ఆడకుండా దాచిన గోటీ ఎవరిది, దాంట్లో ఎవరున్నారు, ఆ ధర పెట్టి ఆయన కొనుక్కునేది దేన్ని?

ఆయన కారు గేటు దాటగానే అన్న డబ్బాను కాలితో నా వైపు జరిపాడు. "తీస్కపో చెల్లె. ఎప్పటిసంది అడుగుతున్నవ్ గద. నీయే ఇయి."

ఇన్నేళ్లు ఏ మాట కోసం చెయ్యి చాచి నిలబడ్డానో ఆ మాట అంత అలవోకగా, అరిగిన చెప్పులు పనిమనిషికి ఇచ్చినట్టు ఇచ్చాడు. నేను డబ్బాను ఆయన ముందు నేల మీద గుమ్మరించాను. ఎర్రదారాలను ఏరి వరసగా పెట్టాను. ఒక్కొక్కదాని నడుము మీద బొటనవేలు తిప్పాను, మళ్లీ తిప్పాను. ఎక్కడ చూసినా గరుకే తగిలింది.

"గిండ్ల బాపు కొట్టిన గోటీ ఏది, అన్నా? జర సూపెట్టు" అన్నాను.

ఆయన వంగి చూశాడు, నిజంగానే చూశాడు. "అన్నీ ఒక్కతీరే ఉన్నయి చెల్లె. ఏదైతేంది" అన్నాడు.

ఇప్పుడు ఆర్మూర్‌లో మా గల్లీ అంతా సిమెంటు, మడమ ఎంత తిప్పినా గుంత పడదు. గోటీలాడే పిల్లలూ లేరు, పసుపు ఉడికే వాసన మా ఇంటి దాకా రాదు. ఇవన్నీ కాలంతో పాటు పోయాయి, వాటికి ఎవరినీ తిట్టను. నా గోటీ కాలంతో పోలేదు, మా అన్న చేతుల్లో పోయింది. డబ్బా నా దగ్గరే ఉంది. బాపు కొట్టింది ఇందులోనే ఉంది, విరిగిన చెక్కల్లో ఉందో ఉన్నవాటిలో ఉందో నాకు ఎప్పటికీ తెలియదు. పండక్కీ పబ్బానికీ అన్న ఫోన్ చేసి, అందరి బాగోగులు అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "కోపం పోయిందానే?" అంటాడు.

పోలే అన్నా. పోదు.