మూడు చేతులు తిప్పిన షాంపేన్

మొరిజోల ఇంటికి ఎదురుగా నాది మాంసం కొట్టు. కిటికీలోంచి వాళ్ళ నేలమాళిగ తలుపు కనపడుతుంది. చూడకూడదనే అనుకుంటాను. కానీ కత్తి నూరేటప్పుడు కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. అలా పాతికేళ్ళుగా అర్లెట్ మొరిజో జీవితం నా కళ్ళముందు నుంచే నడిచింది. పొద్దున తోట, మధ్యాహ్నం బడిలో పిల్లలకి భోజనం వడ్డించడం, సాయంత్రం ఇల్లు. మొగుడు గుస్తావ్ అరుపులకి వేళాపాళా ఉండేది కాదు.

వాళ్ళకి మా ఊరి పక్కనున్న ఊర్స్ నది ఒడ్డున కొండవాలులో మూడు ముక్కల ద్రాక్షతోట ఉంది. పంటలో ఎక్కువ భాగం సహకార సంఘానికి పోతుంది. మిగిలిన దాంతో గుస్తావ్ తాతగారి రోజుల నుంచీ ఇంట్లోనే షాంపేన్ చేస్తారు, ఏడాదికి పన్నెండు వందల సీసాలు. తీగలు కత్తిరించేది అర్లెట్, కట్టేది అర్లెట్, సీసాలకి చీటీలు అంటించేది అర్లెట్. చీటీ మీద ఉండేది గుస్తావ్ పేరు. ఇది నాకు మొదటినుంచీ ఒళ్ళుమంటే. ఆవిడకి లేని మంట నాకెందుకని మా ఆయన అంటాడు.

ఒక్క పని మాత్రం గుస్తావ్ ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. సీసాలు తిప్పడం. షాంపేన్ సీసాలోనే రెండోసారి పులుస్తుంది, పులిశాక అందులో మడ్డి మిగులుతుంది. ఆ మడ్డి మూతి దగ్గరకి జారాలంటే సీసాల్ని చిల్లుల బల్లల్లో తలకిందులుగా గుచ్చి, రోజూ ఒక్కొక్కదాన్నీ కొద్దికొద్దిగా తిప్పాలి. కుడికెంత, ఎడమకెంత అన్నదానికి ఒక వరస ఉంది. వరస తప్పితే మడ్డి లేచి వైనంతా మసకబారుతుంది. అందుకే అందరూ సీసా అడుగున తెల్లరంగుతో చిన్న చుక్క పెట్టుకుంటారు, ఎంతవరకు తిరిగిందో తెలియడానికి. గుస్తావ్ పెట్టడు. "చుక్కలు పిల్లకాయలకి. నాకు మణికట్టులో ఉంది లెక్క" అనేవాడు.

పోయిన మార్చిలో సీసాలు అలా బల్లల్లోకి ఎక్కాయో లేదో, ఆ మణికట్టే పడిపోయింది. పక్షవాతం. మూడు వారాల తర్వాత కర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు కానీ కుడిచెయ్యి వేలాడిపోయింది. వచ్చిన రోజే భార్యతో తేల్చి చెప్పేశాడు. జులై ఆఖరి ఆదివారం మా ఊళ్ళో నేలమాళిగల పండగ, ప్రతి ఇంటివాళ్ళూ నేలమాళిగ తెరిచి వచ్చినవాళ్ళకి తమ షాంపేన్ పోస్తారు. ఆ రోజుకి ఈ సీసాలు తేటపడకపోతే ఇకనుంచి పంటంతా సంఘానికే, తలుపుకి తాళమే. ఎవరు తిప్పాలో మాత్రం చెప్పలేదు. నువ్వు తిప్పవే అని ఒక్క మాట అనలేదు. ఆవిడా నేను తిప్పనా అని అడగలేదు. ఆ ఇంటి షాంపేన్ ఆగిపోతుందన్న బెంగతో అర్లెట్ మనిషి సగమైపోయింది.

మర్నాటి నుంచి నా కిటికీకి కొత్త పని దొరికింది. పొద్దున ఆరింటికి, మందుల మత్తులో మొగుడు ఇంకా నిద్రపోతుండగా, అర్లెట్ చెప్పులు చేత్తో పట్టుకుని నేలమాళిగలోకి దిగేది. ఆవిడ బడికి వెళ్ళాక, పన్నెండింటికి, కర్ర టకటకలాడించుకుంటూ గుస్తావ్ దిగేవాడు. భార్యాభర్తలు పని పంచుకున్నారని నేను మురిసిపోయాను. ఇన్నాళ్ళకి ఈ మొండిఘటానికి బుద్ధొచ్చిందని మా ఆయనతో కూడా అన్నాను.

మే నెల సగం గడిచాక ఒక సాయంత్రం అర్లెట్ కొట్టు మూసేవేళకి వచ్చింది. కోటులోంచి సీసా తీసి నా దీపానికి అడ్డంగా పెట్టింది. లోపల పాలు కలిపినట్టు మసక.

"ఏడు వారాలైంది మిరెయ్. రోజూ తిప్పుతున్నా. రవ్వంత మడ్డి కూడా దిగలేదు" అంది. "ఆయన చేసేటప్పుడు ఎన్నిసార్లు చూళ్ళేదూ? అలాగే చేస్తున్నా. నా చెయ్యి మంచిది కాదేమో."

"నీ చేతికేం తల్లీ? మీరిద్దరూ అంత కష్టపడుతున్నారు, దిగకేం చేస్తుంది?"

"ఇద్దరూ ఎవరు?"

పన్నెండింటికి రోజూ నాకు వినపడే కర్ర టకటకల సంగతి చెప్పాను.

మర్నాడు అర్లెట్ బడికి సెలవు పెట్టింది. పన్నెండింటికి ఆవిడ నేలమాళిగలోకి దిగుతుంటే నేనూ వెనకాలే వెళ్ళాను. పిలవలేదు, నిజమే. వెళ్ళకుండా ఉండడం నా వల్ల కాలేదు. కింద గుస్తావ్ కర్ర పక్కన పెట్టి, పడిపోకుండా నుదురు బల్లకి ఆనించి, ఎడంచేత్తో ఒక్కో సీసా తిప్పుతున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది అర్లెట్.

ఉలిక్కిపడ్డాడు. "నువ్వు బడిలో లేవేం?"

"ఎన్నాళ్ళనుంచి అంటున్నా!"

"ఈస్టర్ ముందునుంచి. దిగి చావట్లేదు." గొంతు తగ్గించాడు. "ఎడంచెయ్యి కదా. నాకు చేతకావట్లేదు అర్లెట్." ఆ మాట గుస్తావ్ నోట వినడం నాకదే మొదలు.

"చేతకాక కాదయ్యా బాబూ! పొద్దున్నే నేను ఒకవైపు తిప్పిందంతా మధ్యాహ్నం నువ్వు ఎడంచేత్తో వెనక్కి తిప్పేస్తున్నావు" అని అర్లెట్ మెట్టు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వెలుతురులో నాకు తెలియలేదు.

గుస్తావ్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం కందగడ్డయింది. "నువ్వు తిప్పుతున్నట్టు ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నన్ను తిప్పమని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"మీరిలాగే దెబ్బలాడుకుంటే ఇద్దరికీ పోయేవి ఈ సీసాలే" అన్నాను నేను. "ఆ చుక్కలేవో పెట్టుకుని ఉంటే మొదటి రోజే తెలిసేది కదా మీకు?"

గుస్తావ్ నన్ను నమిలి మింగేలా చూశాడు. కానీ మర్నాడు తెల్లరంగు డబ్బా పట్టుకున్నది ఆయనే. పన్నెండు వందల సీసాలూ ఒక్కొక్కటే తీసి, గట్టిగా కుదిపి, చుక్క పెట్టి, మళ్ళీ మొదటినుంచి గుచ్చారు. ఇక రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసే దిగేవాళ్ళు. అర్లెట్ చేతికొకటి చొప్పున ఒకేసారి రెండేసి సీసాలు తిప్పేది, పై వరస ఒక్కటీ గుస్తావ్ ఎడంచేత్తో తిప్పేవాడు. మిగతా అంతా నోటి పనే.

"మణికట్టు, మణికట్టు! గరిటె తిప్పుతున్నట్టు కాదే."

"ఆ గరిటె తిప్పిన చేతి వంటే నలభై రెండేళ్ళుగా తిన్నావు. నోరు మూసుకుని లెక్క చెప్పు."

ఆవిడ అలా మాట్లాడగలదని నాకు తెలియదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు. జూన్ అంతా ఆ ఇంట్లోంచి అరుపులు రెండు గొంతుల్లో వినిపించాయి. నాకు ప్రాణం హాయిగా ఉండేది.

పండగ ముందు శుక్రవారం గుస్తావ్ ఒక్కడే మెడకి దీపం తగిలించుకుని దిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కో సీసా చూసి వచ్చాడు. ఎలా ఉన్నాయని అర్లెట్ అడిగితే దీపం ఆర్పేసి పడుకోడానికి వెళ్ళిపోయాడు. ఆ రెండు రోజులూ అర్లెట్‌కి ముద్ద దిగలేదు.

ఆదివారం ఎండ బాగా కాసింది. గాజు గ్లాసులు మెడలో వేలాడేసుకుని జనం ఇంటింటికీ తిరుగుతున్నారు. మొరిజోల వాకిట్లో నేను పేగుల సాసేజిలు కాలుస్తున్నాను, పక్క బల్ల మీద శావుర్స్ చీజు ఎండకి కారిపోతోంది. అందరూ ఎదురుచూసేది మడ్డి ఎగరగొట్టడం. సీసాని మూతి కిందకి పట్టుకుని, పైకెత్తుతూ బిరడా లాగితే మడ్డి మాత్రం ఎగిరిపోవాలి, వైను మిగలాలి. ఏటా అది గుస్తావ్ వేడుక. ఈసారి తోలు ఏప్రన్ కట్టుకుని అర్లెట్ నిలబడింది. మొదటి సీసా సగం ఖాళీ అయి సహకార సంఘం పెద్ద దెల్మోత్ చొక్కా మీదకి పోయింది. వాకిలంతా గొల్లున నవ్వింది. రెండోది చక్కగా ఎగిరింది. గ్లాసులో పోసి ఎండకేసి పట్టింది. ఇవతల నిలబడ్డ నాకు అందులోంచి ఆవిడ మొహం కనపడేంత తేటగా ఉంది.

దెల్మోత్ చొక్కా పిండుకుంటూ కుర్చీలో కూర్చున్న గుస్తావ్ దగ్గరకి వెళ్ళాడు. "మరి సెప్టెంబరు కోతల మాటేమిటి? పంటంతా మాకేగా?"

గుస్తావ్ కర్రతో చూపించాడు. "ఆవిణ్ణి అడుగు. తిప్పింది ఆవిడ."

అందరూ అటు తిరిగారు. అర్లెట్ మొహం ఎర్రబడింది. అయినా తడబడలేదు. "ఎప్పట్లాగే దెల్మోత్ గారూ. మాక్కావలసింది ఉంచుకుని మిగతాది మీకు. తాళం వెయ్యట్లేదు."

"ఎలా నేర్పావయ్యా ఈవిడకి?" అన్నాడు దెల్మోత్.

"నేర్పడమా?" గుస్తావ్ గొంతు వాకిలంతా వినపడింది. "శుక్రవారం మొత్తం చూశా. పన్నెండు వందల్లో ఒక్కటీ మసక లేదు. నా చేత్తో తిప్పిన ఏ ఏడాదీ అలా రాలేదు. ఏటా ముప్పయ్యో నలభయ్యో మసకగానే మిగిలేవి. ఎవరి కంటా పడకుండా కట్టెల కొట్టంలో దాచేసేవాణ్ణి. ఈవిడక్కూడా చెప్పలేదు."

నేను పొయ్యి సంగతే మరిచిపోయాను. నా సాసేజి ఒకటి మాడిపోయింది.

అర్లెట్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "కట్టెలు తెచ్చేదెవరు ఈ ఇంట్లో? ఇన్నేళ్ళూ నీకిష్టమైన కోడికూర ఏ సీసాల్లోని వైను పోసి వండాననుకున్నావు?"

గుస్తావ్ ఆవిడకేసి తిరిగాడు. "తెలిసీ అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా" అంది అర్లెట్. ఆ తేట గ్లాసు ఆయన ఎడంచేతిలో పెట్టి, మూడో సీసా అందుకుంది.